మంట పోయిన కాలు

"ఈ కాలు గిట్ల ఎప్పటిసంది ఉన్నది? ఒక్కలన్న నోరు తెరుస్తరా, లేదా?"

వనజ గొంతు వీధి దాకా వినిపిస్తోంది. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూస్తున్నారు. చూస్తే చూడనీ అనుకుంది వనజ. గుట్టుగా ఉంచి ఉంచే కదా కాలు ఇంత దాకా వచ్చింది.

మంచం మీద ఆమె తండ్రి ఇమ్మానుయేల్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కుడికాలికి మోకాలి దాకా సిమెంటు పట్టీ. దాని కింద రెండు దిండ్లు. హన్మకొండ దవాఖాన నుంచి ఆయన్ను తెచ్చిన ఆటో అప్పుడే చిట్యాల రోడ్డు మళ్ళింది. వనజ ఒంటి మీద ఇంకా కండక్టర్ ఖాకీ చొక్కానే ఉంది. పొద్దున జనగామలో డ్యూటీకని బస్టాండుకు వచ్చిన మనిషి, తల్లి ఫోను విని సెలవు చెప్పి, వరంగల్ బస్సెక్కి నేరుగా దవాఖానకు పోయింది.

"ఏం లేదు బిడ్డా. జర వాపు. గంత దానికి గింత లొల్లి ఎందుకు?" అన్నాడు ఇమ్మానుయేల్.

"వాపా బాపు? డాక్టరమ్మ ఫొటో సూపెట్టి చెప్పింది నువ్వు ఇనలేదా? పాదం నడుమ కమాను లెక్క వంగి ఎముకలు ఉంటయి. దాంట్ల నడిమి ఎముక నుజ్జు నుజ్జయింది. కమాను కూలింది. కూలిన దాని మీద నువ్వు పత్తి చేనుకు పోయినవు, వచ్చినవు."

"క్రిస్మస్‌కు చర్చి మీద నక్షత్రం కట్టంగ నిచ్చెన మీదికెల్లి జారిండు కదా, గప్పుడే ఇరిగి ఉంటది" అన్నాడు ప్రభుదాస్. ఇమ్మానుయేల్ తమ్ముడు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. చర్చిలో డోలక్ వాయించేది, ప్రార్థన కూడికలన్నీ ఫోనులో వీడియో తీసేది అతనే.

"మందు కొట్టే డబ్బా మోసి మోసి అయ్యింది. వద్దంటె ఇంటడా?" అంది తల్లి యాకమ్మ, పొయ్యి దగ్గర నుంచే. ఆమె ఇటు తిరగలేదు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఈ ఇంట్లో మాత్రం పిడికెడు కూడా ఎవరూ తీసుకునేలా లేరు. పాపమంతా నిచ్చెనదీ, డబ్బాదీ.

"గవన్ని ఆమె అడిగింది" అంది వనజ. "కింద పడ్డడా అని అడిగింది. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళె డాక్టర్‌తోని సూదులు వేయించుకున్నడా అని అడిగింది. గసొంటి సూదులు మస్తు వేస్తె ఎముకకు రక్తం పోక ఎండి కూలుతదట. చిన్నప్పటిసంది పాదం చదునేనా అని అడిగింది. అన్ని అడిగి, ఆఖరుకు సన్నటి దారం అసొంటిది తీసి, బాపును కండ్లు మూసుకోమని పాదానికి ఆనిచ్చింది. తాకినప్పుడు చెప్పుమన్నది. బాపు ఒక్కసారి గూడ చెప్పలే. పెట్టుండ్రి మేడం, ఎందుకు ఆగిండ్రు అన్నడు."

ఆ మాట చెబుతుంటే వనజకు కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఏడుపు కాదు, కోపం. దవాఖానలో ఆ డాక్టరమ్మ దారం పక్కన పెట్టి, తండ్రి ముఖంలోకి చూడకుండా తన ముఖంలోకి చూసింది. ఇంతకాలం మీరంతా ఏం చేస్తున్నారని ఆ చూపుకు అర్థం. వనజ తల దించుకుంది. ఆ తల ఎందుకు దించుకోవలసి వచ్చిందో ఇప్పుడు ఈ ఇంట్లో తేలాలి.

"షుగర్‌తోని కాలి నరాలు సచ్చినయి" అంది. "నొప్పి తెల్వని కాలు అది. ఇరిగినా తెల్వదు. ఇరిగిన దాని మీద నడిచినా తెల్వదు. షుగర్ గోలీలు ఎన్నేండ్లసంది బంద్ జేసినవు బాపు?"

ఇమ్మానుయేల్ గోడవైపు తిరిగాడు.

ఎందుకు బంద్ చేశాడో ఊరందరికీ తెలుసు. వనజకూ తెలుసు. మూడేళ్ళ కిందట ఆయన కాళ్ళు రాత్రీ పగలూ భగభగ మండేవి. తడిపిన గోనెసంచి మీద పాదాలు పెట్టుకుని పడుకునేవాడు. ఊళ్ళో చిన్న చర్చి ఉంది. ఆయన సంఘ పెద్ద. ఉపవాస కూడికల్లో మోకరించి, ఇక గోలీలు ముట్టనని, దేవుడే చూసుకుంటాడని మొక్కుకున్నాడు. కొంతకాలానికి మంటలు తగ్గాయి. తరవాత పూర్తిగా పోయాయి.

మంట పోతే జబ్బు పోయిందనుకోవడం ఆయనొక్కడి తప్పు కాదు. మనందరం అట్లాగే అనుకుంటాం. కానీ ఆయన అక్కడ ఆగలేదు. ఆదివారం సంఘంలో, దేవుడు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పే వేళకు లేచి, అందరినీ బయటికి రమ్మని, నడివేసవి ఎండలో చర్చి ముందు బండ మీద ఉత్తకాళ్ళతో నిలబడ్డాడు. "సూడుండ్రి, నా దేవుడు నా కాళ్ళ మంట ఆర్పిండు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ప్రభుదాస్ వీడియో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

"ఏమన్నంటె అన్నవంటవు గాని వనజా" అన్నాడు ప్రభుదాస్ ఇప్పుడు, "గోలీలు బంద్ జేస్తేనే కాలు కూలుతదా? మా ముత్తమ్మక్క గూడ అన్న సాక్ష్యం సూసినంకనే గోలీలు బంద్ జేసింది. ఆమెకేమైంది? గంగారంల మంచిగ తిరుగుతున్నది."

యాకమ్మ చేతిలో గరిటె ఆగింది.

"ఏందీ?" అంది వనజ.

ప్రభుదాస్ తాను ఏదో తప్పు మాట అన్నానని గ్రహించాడు. ఏ మాటో మాత్రం అర్థం కాలేదు.

"అత్త గోలీలు బంద్ జేసిందా? ఎప్పుడు? బాపు, నీకు ఎర్కనా?"

గోడవైపు తిరిగిన మనిషి గోడవైపే ఉన్నాడు. ఎరుకే అని ఆ వీపు చెబుతోంది.

మేనత్త ముత్తమ్మది పన్నెండేళ్ళ నాటి షుగర్. ఇమ్మానుయేల్ కంటే ముందు ఆమెకే వచ్చింది. వనజ వెంటనే ఫోను చేసింది. గంగారం అడవిలో ఫోను అందడమే గగనం. ఎట్టకేలకు ముత్తమ్మ పలికింది.

"మీ బాపు ఎట్లున్నడు బిడ్డా? నేను ఆదివారం వస్తున్న. ప్రార్థన చేస్తున్న ఆని కోసం."

"అత్తా, నువ్వు షుగర్ గోలీలు వేసుకుంటున్నవా?"

"గవన్ని ఎందుకు ఇప్పుడు?"

"వేసుకో అత్తా. నీ కాళ్ళకు దండం పెడత. ఇయ్యాళ్ళనే దవాఖానకు పోయి గోలీలు రాపిచ్చుకో."

అవతల ముత్తమ్మ నవ్వింది. "నువ్వు చదువుకున్నదానివి, గట్లనే అంటవు. నేను మీ బాపు మాట మీద బంద్ జేసిన. మా తమ్ముడు చెప్తె సురువు జేస్త. ఇంకెవ్వలు చెప్పినా చెయ్య."

వనజ ఫోను తండ్రి చెవి దగ్గర పెట్టింది. "చెప్పు బాపు. ఒక్క మాట. వేసుకో అక్కా అని."

ఇమ్మానుయేల్ ఫోను తోసేశాడు. ఈలోగా లైనూ తెగిపోయింది.

"ఎట్ల చెప్పుమంటవే?" అని అరిచాడు. కాలు కదల్లేదు గానీ మనిషంతా లేచి కూర్చున్నాడు. "దేవుని ముంగట నిలబడి, నూరు మంది ముంగట చెప్పిన మాట అది. సాక్ష్యం అంటె కూరగాయల బ్యారమా, పొద్దుగాల ఇచ్చి మాపటికి వాపసు తీసుకునుడు? గది అబద్ధమైతే నా బతుకంత అబద్ధమే. ఇగ నేను బైబిలు ఏ మొకం పెట్టుకుని పట్టుకోవాలె?"

"నీ మొకం కోసం అత్త కాళ్ళు పోవాల్నా?"

"నోరు మూస్తవా?"

"మూయ. నువ్వు మోకరిస్తె నాకేం నొప్పి లేదు. నేను గూడ మోకరిస్త. కాని గోలీలు బంద్ జెయ్యుమని దేవుడు నీకు ఎప్పుడు చెప్పిండు బాపు? నువ్వే అనుకున్నవు. నువ్వే అనుకుని, ఆయన పేరు పెట్టినవు."

యాకమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె భర్తకు ఎదురు చెప్పిన సందర్భాలు ఊళ్ళో ఎవరికీ తెలియవు. అవి ఉన్నాయో లేవో ఆమెకూ సరిగ్గా గుర్తుండదు.

"మొన్న వానలు తగ్గినంక కాలు వాచిందని వేడినీళ్ళు పోసిన" అంది. "నీళ్ళు సలసల కాగినయి, సూసుకోలె. చెంబు పట్టుకున్న నా చెయ్యి కాలి బొబ్బ లేచింది. ఆయిన పాదం ఎర్రగ కమిలింది. సురుక్కున గూడ అనలే. ఇంకిన్ని నీళ్ళు పొయ్, హాయిగున్నది అన్నడు."

"మరి నాకెందుకు చెప్పలే అవ్వా?" అని తల్లిని అడిగింది వనజ.

"చెప్తె ఏమంటరు? ఇమ్మానుయేల్ పెండ్లానికే నమ్మకం లేదు, గా ఇంట్ల దేవుని కార్యం ఎట్ల నిలుస్తది అంటరు. అన్నరు గూడ. గోలీలు మళ్ళ సురువు జెయ్యుమని నేను ఒకసారి అంటె, మహిళా కూడికల నా దిక్కు సూసి నమ్మకం లేనోళ్ళ మీది పాట పాడిండ్రు." ఆమె గొంతు పెరగలేదు. అందుకే ఆ మాటలు మరీ గట్టిగా వినిపించాయి. "ఇమ్మానుయేలూ, నువ్వు బండ మీద నిలబడ్డ నాడు అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను నీ అరికాళ్ళకు లేచిన బొబ్బలకు వారం దినాలు పసుపు పెట్టిన. గది ఏ వీడియోల లేదు."

భర్తను ఆమె పేరు పెట్టి పిలవడం ప్రభుదాస్ ఎన్నడూ వినలేదు. అతను మెల్లగా గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

ఆ పూట ఇమ్మానుయేల్ అన్నం ముట్టలేదు. బతిమాలే ఓపిక ఎవరికీ లేదు.

సాయంత్రం పాస్టర్ జయపాల్ వచ్చాడు. మంచి మనిషే. ఎవరి ఇంట్లో చావైనా ముందు వచ్చి చివర వెళ్ళేవాడు. మోపెడ్ ఆపి, చేతిలో పండ్ల కవరుతో లోపలికి వచ్చి, మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేశాడు. వనజ చేతులు కట్టుకుని ఆ ప్రార్థన అయ్యేదాకా ఆగింది.

"అయ్యగారు, మీకు బీపీ ఉన్నది కదా. గోలీ వేసుకుంటరా?"

"వేసుకుంట తల్లీ. రోజూ."

"మరి మా బాపు గోలీలు బంద్ జేసిన అని చర్చిల చెప్పిననాడు మీరు ఏమన్నరు?"

"నేను బంద్ జెయ్యుమని ఎన్నడు చెప్పలే. ఎవ్వలకు చెప్పలే. నీ తండ్రినే అడుగు."

"బంద్ జెయ్యుమనలే. వద్దని గూడ అనలే. మైకు ఇచ్చిండ్రు."

ఆయన ముఖం మాడిపోయింది. "అమ్మా, మనిషి విశ్వాసంతోని నిలబడి చెప్తుంటె, నడుమల లేచి డాక్టర్ దగ్గరికి పోండ్రి అంటె ఎట్లుంటది? గది ఆయన సాక్ష్యం. నేను ఎట్ల ఆపాలె?"

"మైకు బటన్ మీ దగ్గరనే ఉంటది కదా అయ్యగారు."

"వనజా" అన్నాడు ఇమ్మానుయేల్ మంచం మీంచి. బెదిరింపు కాదు. అలిసిపోయిన గొంతు.

ఆదివారం ఇమ్మానుయేల్ కోసం ప్రత్యేక ప్రార్థన పెడుతున్నామని, కుర్చీలో మోసుకొస్తామని, వచ్చి దేవునికి స్తుతి చెప్పమని జయపాల్ అన్నాడు. ప్రాణం దక్కింది, అదే గొప్ప కార్యం కదా అన్నాడు.

"స్తుతి కాదు, నిజం చెప్పాలె" అంది వనజ. "మా అత్త వస్తున్నది. ఆమె ముంగట, అందరి ముంగట చెప్పాలె. బాపు చెప్పకపోతె నేను మైకు గుంజుకుంట."

"ఆడపిల్లవు, గట్ల రచ్చ చేస్తె సంఘం పలుచనైతది తల్లీ."

"పలుచనైతె కానియ్యుండ్రి అయ్యగారు. కాళ్ళు తెగుడు కంటె నయమే కదా."

జయపాల్ పండ్ల కవరు మంచం కింద పెట్టి లేచాడు. టీ తాగమని ఎవరూ అనలేదు. ఆ ఇంట్లోంచి ఆయన టీ తాగకుండా వెళ్ళడం అదే మొదలు.

శనివారం మధ్యాహ్నం వనజ నీళ్ళ బకెట్‌తో లోపలికి వస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇమ్మానుయేల్ కట్టు లేని ఎడమకాలు దగ్గరకు లాక్కుని, దువ్వెన పళ్ళతో అరికాలు గీసుకుంటున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఒకచోట గీస్తాడు, ఆగుతాడు. మరోచోట గట్టిగా నొక్కుతాడు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థిస్తున్నాడో, అడుగుతున్నాడో తెలియదు. కళ్ళు తెరిచి చూస్తే దువ్వెన పళ్ళు చర్మంలో దిగి ఉన్నాయి.

ఆయన దువ్వెన పక్కన పెట్టి చాలాసేపు ఆ పాదాన్నే చూశాడు. సొంత పాదం వైపు అట్లా ఎవరూ చూడరు.

"రేపు కుర్చీ తెమ్మను" అన్నాడు, కూతురు వైపు చూడకుండా. "నేనే చెప్త. నువ్వు మైకు జోలికి పోకు."

వనజకు తండ్రి మీద అప్పటిదాకా ఉన్న కోపమంతా ఏమైందో తెలియదు. బకెట్ కింద పెట్టి, పక్కన కూర్చుని, తడిబట్టతో ఆ పాదం తుడిచింది. ఆయనకు అది తెలియడం లేదని గుర్తొచ్చి మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో తెలియలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. ప్రభుదాస్, మరో ముగ్గురు కలిసి ఇమ్మానుయేల్‌ను కుర్చీతో సహా తెచ్చి ముందు పెట్టారు. కట్టు కాలు ఎత్తుగా స్టూలు మీద ఉంది. ఆ కాలు నేలకు ఆనితే మిగిలిన ఎముకలూ పోతాయని, అప్పుడు పాదం తీసెయ్యడం తప్ప దారి ఉండదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ముత్తమ్మ ముందు వరసలో ఉంది. గంగారం నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చింది. తమ్ముణ్ణి చూసి ఏడ్చింది, తల నిమిరింది. పాటలు అయ్యాక, సాక్ష్యాలు ఉంటే చెప్పమని జయపాల్ అనగానే ఇమ్మానుయేల్ చెయ్యి ఎత్తాడు. అంతకంటే ముందు ముత్తమ్మ లేచింది.

"దేవునికి స్తోత్రం" అంది. "మా తమ్ముని కాళ్ళ మీద జరిగిన కార్యం ఇప్పుడు నా కాళ్ళ మీద గూడ జరిగింది. పోయిన నెలసంది నా కాళ్ళ మంటలు పోయినయి. ఒక్క సురుకు లేదు. నిండు మనసుతోని నిద్రపోతున్న."

జనం స్తోత్రం అన్నారు. చప్పట్లు కొట్టారు. ప్రభుదాస్ అలవాటు కొద్దీ ఫోను పైకెత్తాడు.

వనజ కళ్ళు అత్త పాదాల మీద పడ్డాయి. ఎడమపాదం ఉబ్బింది. మట్టె వేలి మాంసంలోకి సగం దిగిపోయింది. ఆ వేలు నల్లబడి ఉంది. ముత్తమ్మ ఆ కాలి మీదే బరువు వేసి నిలబడి నవ్వుతోంది.

ఇమ్మానుయేల్ కూడా చూశాడు. జయపాల్ అందించిన మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కా" అన్నాడు. "మంట పోవుడు కార్యం కాదే. నరం సచ్చుడు. నాకు గూడ గిట్లనే పోయింది. పోయింది అనుకుని నేను దేవుని పేరు మీద తప్పు చెప్పిన. అయ్యలారా, అమ్మలారా, నేను చెప్పింది తప్పు. నా మాట ఇని గోలీలు బంద్ జేసినోళ్ళు ఇయ్యాళ్ళనే వేసుకోండ్రి. అక్కా, నీ కాలు సూసుకో. నీ మట్టె సూసుకో. దవాఖానకు పోదాం పా."

ముత్తమ్మ కిందికి చూడలేదు. తమ్ముడి దగ్గరకు వచ్చి, కట్టు మీద చెయ్యి వేసి, ఎంతో జాలిగా నిమిరింది.

"నీ కాలు ఎందుకు కూలిందో నాకు ఇప్పుడు తెలిసింది తమ్మీ" అంది. "షుగర్ కాదు, నరం కాదు. నువ్వు అనుమానపడ్డవు. దేవుడు ఇచ్చిందాన్ని అనుమానపడ్డవు. గందుకే కూలింది. నేను అనుమానపడ. నీ కోసం గూడ నేనే ఉపవాసం ఉంట."

ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో మెల్లగా ఆమెన్ అన్నారు. తరవాత మరొకరు అన్నారు. ఆ మాట చాపల మీదుగా మగవాళ్ళ వైపు పాకింది.

"అయ్యగారు" అన్నాడు ఇమ్మానుయేల్. "మీరన్న చెప్పుండ్రి. మీరు చెప్తె ఇంటరు."

అందరూ జయపాల్ వైపు తిరిగారు. ఆయన ముత్తమ్మ కాలు చూశాడు. నల్లబడ్డ వేలు చూశాడు. చూశాడని వనజకు తెలుసు, ఆమె ఆయన కళ్ళనే చూస్తోంది. తరవాత ఆయన నిండిన చర్చిని చూశాడు. ముందుకు వచ్చి ఇమ్మానుయేల్ చేతిలోంచి మైకు నెమ్మదిగా తీసుకున్నాడు.

"అందరం కండ్లు మూసుకుని ప్రార్థన చేద్దాం" అన్నాడు.

అందరూ తలలు వంచారు. ముత్తమ్మ చేతులు పైకెత్తి, కళ్ళు మూసుకుంది. వనజ అత్త చెయ్యి పట్టుకుని గుంజబోయింది. ఆ చెయ్యి కదలలేదు.

అప్పుడు స్టూలు పక్కకు పడిన చప్పుడైంది. యాకమ్మ కెవ్వుమంది. ఇమ్మానుయేల్ కుర్చీ చేతులు పట్టుకుని, కట్టు కాలు గచ్చు మీద మోపి, లేచి నిలబడి పాస్టర్ చేతిలోని మైకు కోసం చెయ్యి చాపాడు.